లేత్ షాపులో అగ్రరాజ్యం

ఆగస్టు 20, బుధవారం. ఉదయం పదకొండు గంటలు. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా పాత డిపార్ట్‌మెంట్ సెమినార్ హాలులో పీహెచ్‌డీ వైవా. వాన లేదు, ఉక్కగా ఉంది.

హాజరైనవారు: పరిశోధక విద్యార్థిని ఎస్తేరు. ఆమె గైడ్ ప్రొఫెసర్ సుగుణ, ఒకప్పుడు నా విద్యార్థిని. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా బెంగళూరు నుంచి వచ్చిన ప్రొఫెసర్ విశ్వేశ్వరరావు గారు. డిపార్ట్‌మెంట్ హెడ్, ముగ్గురు అధ్యాపకులు, పద్నాలుగు మంది విద్యార్థులు. వెనక వరసలో కిటికీ పక్కన నేను.

రానివారు: ఎస్తేరు తండ్రి ఏలియా. ముషీరాబాద్‌లో లేత్ షాపులో పని వదిలి రావడం కుదరదన్నాడట.

పై వివరాలు ఆ రోజు డైరీలో రాసుకున్నవి. కాలేజీలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. అంతర్జాతీయ రాజకీయాలు బోధించడానికి కొత్తగా చేరేవాళ్ల కోసం, ఆ డైరీల్లోంచి కొన్ని సంగతులు ఇక్కడ పెడుతున్నాను. నేను ఎప్పుడు రీడర్‌నయ్యానో, ఎప్పుడు ప్రొఫెసర్‌నయ్యానో రాయను. అవి సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నాయి. ఒక దేశం అగ్రరాజ్యం ఎలా అవుతుంది, దానికి పోటీగా ఇంకో దేశం ఎలా లేస్తుంది అన్న పేపరును ముప్పై ఒక్క ఏళ్లు చెప్పాను. రిటైరై పదిహేడేళ్లయింది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. జవాబు కోసం నేను ఎక్కడెక్కడ తప్పుగా వెతికానో మాత్రం తేదీలతో సహా చెప్పగలను.

ఇచ్చిన మాట

ఆ ఉదయం తొమ్మిదింటికే సుగుణ తార్నాకలో మా ఇంటికి కారులో వచ్చింది. నన్ను వైవాకు తీసుకెళ్లడానికి అన్నది మర్యాదకు. అసలు పని వేరే.

“సార్, ఇయ్యాల మీరు ప్రశ్న అడగొద్దు,” అంది కాఫీ ముట్టుకోకముందే.

“ఓపెన్ వైవా కదమ్మా. ఎవరైనా అడగొచ్చు.”

“ఎవరైనా అడగొచ్చు సార్, మీరు తప్ప. మీరు అడిగితే పది నిమిషాల ప్రశ్న, దాని మీద అరగంట చర్చ. పోయినసారి ఆ అబ్బాయి నీళ్లు తాగొస్త అని బయటికి పోయి మళ్ల రాలే. యాదికున్నదా?”

“వచ్చాడు లేమ్మా. కొంచెం ఆలస్యంగా వచ్చాడు.”

సుగుణ నవ్వలేదు. విషయం చెప్పింది. ఒక డిగ్రీ కాలేజీలో ఎస్తేరు లెక్చరర్‌గా ఎంపికైంది. ఈ నెలాఖరులోగా పీహెచ్‌డీ వచ్చినట్టు కాగితం చూపించాలి. ఎగ్జామినర్ ‘మార్చి మళ్లీ సమర్పించండి’ అని రాస్తే ఆరు నెలలు పడుతుంది. ఈలోగా ఉద్యోగం జాబితాలో తర్వాత ఉన్నవాళ్లకు పోతుంది.

“ఆరేండ్ల సంది చేస్తున్నది సార్. మాణికేశ్వర్ నగర్‌ల ఒక్క రూము, నలుగురు మనుషులు. క్యాంపస్ లైబ్రరీ మూసేదాంక అండ్లనే కూసుంటది. ఇయ్యాల గడిస్తే చాలు.”

“సరేనమ్మా. నోరు తెరవను,” అన్నాను.

అప్పటికే ఆ థీసిస్ రెండుసార్లు చదివాను. వెనక అనుబంధంలో ఒక పేజీ దగ్గర చీటీ కూడా పెట్టాను. ఆ సంగతి సుగుణకు చెప్పలేదు. నా చేతిసంచిలో థీసిస్ కాపీతో పాటు ఒక పాత డైరీ ఉంది. అది ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే మా డిపార్ట్‌మెంట్ గోడ దగ్గర మొదలుపెట్టాలి.

గోడ మీద పట్టిక

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా హెడ్ రంగనాథం గారు. సన్నగా ఉండేవారు, తక్కువ మాట్లాడేవారు. నా చేతిరాత బాగుందని మొదటి నెలలోనే నాకు ఒక పని అప్పగించారు. నిలువెత్తు డ్రాయింగు షీటు మీద ప్రపంచంలోని పెద్ద దేశాల బలాబలాల పట్టిక. ఎడమ పక్క దేశాల పేర్లు. పైన గడులు: భూభాగం, జనాభా, ఉక్కు, బొగ్గు, చమురు, సైనికులు, యుద్ధనౌకలు, అణ్వాయుధాలు. ఏటా జనవరిలో కొత్త అంకెలు వచ్చినప్పుడు పాత అంకె మీద తెల్ల కాగితం ముక్క అతికించి, ఎర్ర సిరాతో కొత్త అంకె వేసేవాణ్ణి. పదమూడేళ్లు ఆ పని నేనే చేశాను. ఒక్క అంకె తప్పు రాయనివ్వలేదు.

విద్యార్థులు ఆ పట్టిక ముందు నిలబడి నోట్సు రాసుకునేవాళ్లు. సోవియట్ యూనియన్ వరస అన్నిటికంటే నిండుగా ఉండేది. ఉక్కులో ముందు, చమురులో ముందు, భూభాగంలో ఎవరికీ అందనంత ముందు. నా పరిశోధన కూడా సోవియట్ బలం మీదే. ఆ పట్టికను మూడు వందల పేజీలకు పెంచితే నా థీసిస్ అవుతుంది.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. గడులు గీసి, అంకెలు నింపి, కింద మొత్తం వేస్తే, ప్రపంచం నా చేతికి అందినట్టుండేది. కొత్తగా చేరేవాళ్లు ఈ సంతోషాన్ని కొంచెం అనుమానంతో చూడాలి.

దారాల సంచి

ఎనభైల మధ్యలో పరిశోధన పని మీద ఆరు వారాలు లెనిన్‌గ్రాడ్ వెళ్లాను. నాకు సాయంగా అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ల్యుద్మిలా అనే ఆవిడను పెట్టారు. రోజూ నన్ను లైబ్రరీకి తీసుకెళ్లేది. మూడో రోజు ఆవిడ కోటు జేబులోంచి దారాలతో అల్లిన సంచి ఒకటి బయటికి వేలాడుతూ కనిపించింది. ఎందుకని అడిగాను.

“ఏదైనా దొరుకుతుందేమోనని,” అంది.

“ఏది?”

“అది దొరికాక తెలుస్తుంది.”

ఆ తర్వాత చూస్తే అందరి జేబుల్లోనూ అలాంటి సంచి ఉంది. భారీ పరిశ్రమల మీద ఉపన్యాసమిచ్చిన పెద్దాయన కోటు జేబులోనూ ఉంది. ఒకరోజు దారిలో ఒక వరస కనిపిస్తే, దేనికోసమో అడక్కుండానే ల్యుద్మిలా వెళ్లి నిలబడింది. నేనూ నిలబడ్డాను. గంట తర్వాత తేలింది, నారింజపళ్లు. సంచి నిండింది. ఆవిడ ఆ రోజంతా పాడుకుంటూనే ఉంది. ఇవన్నీ ఆ రాత్రే డైరీలో ఎక్కించాను. నా థీసిస్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. దాచిపెట్టాలని కాదు. నా పట్టికలో సంచికి గడి లేదు. అంతే.

తిరిగివచ్చిన మరుసటి ఏడాది ఎం.ఏ. క్లాసులో ఒక అమ్మాయి లేచింది. వరంగల్ పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల, రైతు కూతురు.

“సార్, గంత భూమి ఉన్నది, గంత బలమున్నది అంటున్నరు గద. మరి గోధుమలు బయటి దేశాల నుంచి ఎందుకు కొనుక్కుంటున్నరు? అండ్ల అమెరికా నుంచి గూడ?”

జవాబు నా దగ్గర ఉంది. ఇంట్లో అలమరలో, డైరీలో, నారింజపళ్ల పక్కన ఉంది. నేను ఏమన్నానో కూడా ఆ రోజు డైరీలో ఉంది: “అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో.”

ఆ అమ్మాయి సుగుణ.

తర్వాత కొన్నేళ్లకే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. సెలవులయ్యాక డిపార్ట్‌మెంట్ తెరిచిన మొదటి రోజు నేను ఆ పట్టిక ముందు నిలబడ్డాను. అంకెలన్నీ మళ్లీ సరిచూశాను. ఒక్కటీ తప్పు కాదు. అన్నీ సరైన అంకెలే ఉన్న వరసలో దేశం మాత్రం లేదు. రంగనాథం గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“రేపు నీకు క్లాసుంది కదయ్యా. ఏం చెబుతావు?”

“తెలియదండీ.”

“అదే చెప్పు. ముందు అదే చెప్పు,” అని తన గదిలోకి వెళ్లిపోయారు. మర్నాడు క్లాసులో అదే చెప్పాను. ఆ గంటలో వచ్చినన్ని ప్రశ్నలు నా మొత్తం ఉద్యోగంలో ఏ గంటలోనూ రాలేదు.

వెక్కిరించిన సరుకు

దీంతో నాకు బుద్ధి వచ్చిందనుకోవద్దు. పట్టిక తీసేసి ఇంకో పట్టిక గీశాను. ఈసారి కార్లు, టీవీలు, యంత్రాలు. ఆ లెక్కన జపాన్ అమెరికాను దాటిపోతుందని రెండు బ్యాచ్‌ల విద్యార్థులకు నమ్మకంగా చెప్పాను. వాళ్లు పరీక్షలో అదే రాశారు, నేను మంచి మార్కులు వేశాను. జపాన్ దాటలేదు. ఆ విద్యార్థుల్లో ఒకాయన ఇప్పటికీ నల్లకుంట మార్కెట్లో కనిపిస్తే “సార్, జపాన్ ఎందాక వచ్చింది?” అని అడుగుతాడు. కూరగాయల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని నవ్వుతాను.

రెండు తప్పుల తర్వాత కొంత నెమ్మది వచ్చింది. గడులు గీయడం మానేసి, పోటీ దేశాలు లేచిన చోట్ల మామూలు జనం ఏం మాట్లాడుకున్నారో వెతకడం మొదలుపెట్టాను. ప్రతి చోటా మొదట వెక్కిరింత కనిపించింది. జర్మనీ సరుకు నాసిరకమని ఇంగ్లండ్ ఎగతాళి చేసింది. కొనేవాళ్లు మోసపోకూడదని ఆ సరుకు మీద జర్మనీ పేరు ముద్ర వేసి తీరాలని చట్టం చేసింది. కొన్నేళ్లకు జనం ఆ ముద్ర చూసే కొనడం మొదలుపెట్టారు. ప్రొద్దుటూరులో నా చిన్నప్పుడు ‘జపాన్ సరుకు’ అంటే రెండు రోజుల్లో విరిగే తగరపు బొమ్మ. నేను ఉద్యోగంలో చేరేనాటికి అదే మాట గట్టి సరుకుకు గుర్తు. ‘చైనా మాల్’ అన్న మాట మీ కాలంలోనే రంగు మార్చుకుంటోంది. గమనించండి.

ఇంకొకటి కూడా కనిపించింది. పోటీ దేశాన్ని చాలావరకు దాని ప్రత్యర్థే తయారుచేస్తుంది. సోవియట్‌వాళ్లు ఉపగ్రహాన్ని పైకి పంపితే అమెరికా తన బడుల్లో సైన్సు పాఠాలు మార్చుకుంది. ఇంగ్లండ్ రెండు పెద్ద యుద్ధాలు గెలిచి అలసిపోయి కూర్చుంటే, పక్కన నిలబడి సాయం చేసిన అమెరికా ఆ కుర్చీలోకి వచ్చింది.

అయితే వెక్కిరింపుకు గురైన సరుకంతా గెలవలేదు. ప్రత్యర్థి ఉన్న దేశమంతా లేవలేదు. లేచినవాటికీ లేవనివాటికీ తేడా ఏమిటి? ఇక్కడ నా పాఠం ఎప్పుడూ తడబడేది. రిటైరయ్యేనాటికి కూడా ఆ తడబాటు పోలేదు. ఎస్తేరు థీసిస్ నా దగ్గరికి వచ్చినప్పుడు రెండు రోజులు వదలకుండా చదవడానికి కారణం అదే.

హాల్లో జరిగింది

ఎస్తేరు ముషీరాబాద్ చుట్టుపక్కల పన్నెండు రిపేరు షాపులు ఎంచుకుంది. ఒక్కో షాపులో పాత బిల్లులు, పాత డబ్బాలు వెతికి, షెల్ఫ్ మీద ఏ దేశం విడిభాగాలు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో రాసింది. ముందు ఇంగ్లండ్‌వి, తర్వాత జర్మనీ, జపాన్‌లవి, ఇప్పుడు చైనావి. పెద్ద దేశం ఎదుగుదలను రాజధానుల్లో కాదు, ఇలాంటి షెల్ఫుల మీద చూడాలన్నది ఆమె వాదన. నలభై నిమిషాలు మాట్లాడింది.

విశ్వేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“కష్టపడ్డావమ్మా, కాదనను. కానీ ఇది అంతర్జాతీయ రాజకీయాల మీద థీసిసా, విడిభాగాల వ్యాపారం మీద సర్వేనా? సైన్యం లేదు, అణ్వాయుధాలు లేవు, ఆర్థిక బలం మీద పట్టిక ఒక్కటీ లేదు. షెల్ఫ్ మీద చైనా బేరింగు ఉంటే చైనా అగ్రరాజ్యం అయిపోయినట్టేనా? మా ఇంట్లో దోమల బ్యాటు కూడా చైనాదే.”

హాలు నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వబోయి ఆగింది.

“రెండు అధ్యాయాలు కలిపి, పట్టికలు పెట్టి మళ్లీ సమర్పించమని రాయాల్సి వస్తుందనుకుంటాను,” అన్నారాయన.

సుగుణ పెన్నుకు మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

నా ఇబ్బంది ఇది. ఆయన అన్నదాంట్లో సగం నిజం. సరుకు ఒక్కటే చాలదు, ఆమె వాదనలో ఏదో తక్కువైంది. కానీ ఆ లోటు పూడ్చడానికి ఆయన అడుగుతున్న పట్టిక, నేను పదమూడేళ్లు ఎర్ర సిరాతో దిద్దిన పట్టికే. తక్కువైనది వేరే ఉంది. అది ఎక్కడుందో చీటీ పెట్టిన పేజీ చూసిన నాకు తెలుసు. అడిగితే ఆమె చెప్పలేక మునిగిపోవచ్చు. అడక్కపోతే ఆమె ఉద్యోగం పోగొట్టుకుని ఆరు నెలలు నా పట్టిక గీస్తుంది.

లేచాను. సుగుణ తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

పట్టిక సంగతి, దారాల సంచి సంగతి, నేను జవాబు దాచుకున్న గోధుమల ప్రశ్న సంగతి డైరీ తెరిచి ఉన్నదున్నట్టు చదివాను. మూడు నిమిషాలని నా లెక్క. ఏడు నిమిషాలని తర్వాత సుగుణ చెప్పింది. ఆ తర్వాత అడిగాను.

“ఎస్తేరూ, నీ థీసిస్ వెనక ఫీల్డ్ నోట్స్‌లో ఒకచోట మీ నాన్న ఇరుసు ముక్కను చేతిలోకి తీసుకుని, ‘దీనికి రెండు సూత్ తియ్యాలె’ అన్నాడని రాశావు. ఆ మాట నీ అధ్యాయాల్లో ఎక్కడా లేదు. ఎందుకు లేదమ్మా?”

లేత్ పని తెలియనివాళ్లకు చెప్పాలి. సూత్ అంటే మన మిస్త్రీలు చిన్న కొలతకు వాడే మాట. మాట ఇక్కడిదే. కానీ ఇప్పుడు షాపుల్లో కొలిచే సూత్ ఇంగ్లిషు అంగుళంలో ఎనిమిదో వంతు.

ఎస్తేరు థీసిస్ వెనక పేజీలు తిప్పి ఆ మాట చూసుకుంది. “గది మా నాయిన మాట సార్. ఇంట్ల మాట. థీసిస్‌ల ఎట్ల రాస్తరు అనుకున్న.”

“ఆ కొలత ఎవరిది?”

ఆమె నా వైపు కాదు, బోర్డు వైపు చూసింది. సుద్దముక్క తీసుకుంది, ఏమీ రాయలేదు.

“ఇంగ్లీషోళ్లది సార్... షాపుల ఇంగ్లండ్ మిషన్లు పోయినయ్. వాళ్ల స్పేర్లు పోయినయ్. వాళ్లు పోయి ఎన్నేండ్లాయె. వాళ్ల అంగుళం మాత్రం మా నాయిన వేళ్లల్ల ఉన్నది.” కొంచెం ఆగి, ఈసారి వేగంగా అంది. “అంటే సరుకు ముందొస్తది సార్, కొలత ఎనక వస్తది. పోయేటప్పుడు గూడ సరుకే ముందు పోతది. నేను సరుకొక్కటే రాసిన.”

“మరి చైనా?” అన్నారు విశ్వేశ్వరరావు గారు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

“లేత్ దిక్కు చైనా సరుకు వచ్చింది సార్, కొలత రాలే. వాళ్ల బేరింగులు గూడ ఎన్కట ఎవరో పెట్టిన సైజులల్లనే వస్తయ్. గని మా నాయిన చేసే షాపుల బ్యాటరీ ఆటోలు గూడ చేస్తరు. అక్కడ వేరే ఉన్నది. మన దేశపోళ్లు చేసిన, మోటరు నడిపే కంట్రోలర్ డబ్బాలు గూడ చైనా మోటరు ప్లగ్గుకు పట్టేటట్టే చేస్తున్నరు. చూసిన. రాయలే.”

“రాయలేదు. రాయనిదానికి నేను మార్కులెలా వేయను? సరే, ఇది చెప్పు. మీటరు పుట్టింది ఫ్రాన్సులో. ఇవాళ ప్రపంచమంతా మీటరే. మరి ఫ్రాన్సు అగ్రరాజ్యమా? పోనీ, అమెరికా ఇప్పటికీ అంగుళాల్లోనే కొలుస్తుంది. ప్రపంచం ఆ కొలతలోకి వెళ్లలేదే. నీ కొలత సిద్ధాంతం నిలబడుతుందా?”

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఎస్తేరు సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

“తెల్వదు సార్.”

“తెలీదా?”

“తెల్వదు సార్. మీరు అడిగేదాంక నాకు రాలే. గది చూడాలె.” ఒక్క నిమిషం అని, నోట్‌బుక్ తెరిచి ఆ ప్రశ్నను అక్కడే నిలబడి రాసుకుంది. ఫ్రాన్సు, మీటరు, అమెరికా, అంగుళం. రాయడం పూర్తయ్యేదాకా హాలంతా ఆగింది.

విశ్వేశ్వరరావు గారు ఆమె రాయడం చూస్తూ కూర్చున్నారు. “ఆ షాపు ఎంత దూరం?” అన్నారు.

“ముషీరాబాద్ సార్. బస్సుల అరగంట.”

“రేపు నా రైలు మధ్యాహ్నానికి. పొద్దున్నే చూద్దాం. చూశాకే రిపోర్టు రాస్తాను.”

హెడ్ గారు కదిలారు. “రిపోర్టు డిపార్ట్‌మెంట్‌లోనే రాయాలండీ, మామూలుగా...”

“రూల్లో ఉందా?”

“రూల్లో అంటే... లేదండి.”

తిరుగు ప్రయాణం

తార్నాక చౌరస్తా దాకా సుగుణ రోడ్డు మీదే చూపు పెట్టి కారు నడిపింది. సిగ్నల్ పడ్డాక అంది.

“నోరు తెరవనన్నరు.”

“అన్నాను.”

“ఆయన రేపు పోయి, ఇదేం షాపు అని ఎన్కకు రాసి పోతే? ఆ పిల్ల ఉద్యోగం మీరు ఇస్తరా సార్?”

“ఇవ్వలేను.”

“గోధుమలు అడిగిననాడు తెరిస్తే బాగుండు ఆ నోరు. ఇయ్యాల మూస్తే బాగుండు.” గ్రీన్ పడింది. కొంత దూరం పోయాక మెల్లగా అంది. “ముప్పై ఎనిమిదేండ్లు అనుకున్న సార్, నా ప్రశ్నే తప్పుండెనేమో అని. ఇంట్ల డైరీల ఉన్నదని ఇయ్యాల హాల్ల చెప్తరా?”

దిగేటప్పుడు “తప్పు నాదేనమ్మా” అన్నాను. “తెలుసు సార్. టిఫిన్ తిని రెడీ ఉండున్రి, ఎనిమిదింటికి వస్త,” అంది.

కొత్తగా చేరేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే. మీ నోట్‌బుక్‌లో ఉండి మీ వ్యాసంలో లేనిదేమిటో ఏడాదికోసారి కూర్చుని చూసుకోండి. ఎందుకు వదిలేశారో పక్కన రాసుకోండి. ‘దీనికి గడి లేదు’ అన్నది కారణమైతే, గడులు మళ్లీ గీయండి. విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో ఉంటే, దాన్ని క్లాసుకు తీసుకెళ్లండి.

మర్నాడు ఉదయం

ఆగస్టు 21, గురువారం. ఎనిమిదిన్నర. ముషీరాబాద్ సందులో లేత్ షాపు. హాజరైనవారు: విశ్వేశ్వరరావు గారు, సుగుణ, ఎస్తేరు, నేను, షాపు యజమాని ఖాజా భాయ్, ఏలియా.

షాపులో ఎడమ పక్క పాత లేత్, దాని దగ్గర ఏలియా. కుడి పక్క బ్యాటరీ ఆటోల పని, అది ఖాజా భాయ్ చూస్తాడు. మా నలుగురినీ చూసి ఖాజా భాయ్ రెండు చేతులూ చాపాడు.

“రండి రండి సార్. ఒక్కపాలి ఇంతమంది ప్రొఫెసర్లు! ఏమన్న మిషన్ ఖరాబైందా?”

“థీసిస్ ఖరాబైంది,” అంది సుగుణ.

“అయితే ఏలియాకే ఇయ్యాలె. ఎంత వంకరున్నా సీదా చేస్తడు.”

ఏలియా చేతులు గుడ్డతో తుడుచుకుని స్టూలు జరిపాడు. సన్నటి మనిషి, కళ్లజోడుకు ఒక పక్క దారం కట్టి ఉంది. విశ్వేశ్వరరావు గారు కూర్చోలేదు.

“సూత్ అంటారట కదండీ. ఆ కొలత ఎవరిది?”

ఏలియా కూతురి వైపు చూశాడు, ఇది పరీక్షా అన్నట్టు. “ఎవరిదేంది సార్, మాదే. మా ఉస్తాద్ నేర్పిండు. ఆయనకు ఆయన ఉస్తాద్.”

“ఇంగ్లిషువాళ్లది కాదా?”

“ఇంగ్లీషోళ్లకు సూత్ ఎట్ల తెలుస్తది సార్?”

విశ్వేశ్వరరావు గారు కుడి పక్కకు నడిచారు. ఖాజా భాయ్ ఒక ఆటో అడుగుభాగం విప్పి పెట్టుకున్నాడు. అక్కడ ఒక మోటరు, దాన్ని నడిపే కంట్రోలర్ డబ్బా ఉన్నాయి.

“ఈ మోటరు ఎక్కడిది?”

“చైనా.”

“ఈ డబ్బా?”

“మనదే సార్, పక్కా ఇండియా. మీద రాసున్నది చూడున్రి.” మోటరు ప్లగ్గు ఎత్తి డబ్బాకు నొక్కాడు. టక్కున పట్టింది.

“ఈ ప్లగ్గు సైజు ఎవరిది?”

ఖాజా భాయ్ ప్లగ్గు ఊడదీసి తిప్పి చూశాడు. “ఎవరిదంటే... బ్యాటరీ ఆటో ప్లగ్గు సార్. అందరికీ గిదే ఉంటది.”

చైనాది అని ఖాజా భాయ్ అనలేదు. ఇంగ్లిషువాళ్లది అని ఏలియా అననట్టే. ఎవరో పెట్టిన కొలత ఇద్దరికీ సొంతదైపోయింది. విశ్వేశ్వరరావు గారు ప్లగ్గు తన చేతిలోకి తీసుకుని, పెట్టి తీశారు, మళ్లీ పెట్టి తీశారు.

“ఒక్క షాపు, ఒక్క ప్లగ్గు,” అన్నారు ఎస్తేరుతో. “దీంతో ఏదీ రుజువు కాదు.”

“కాదు సార్. తక్కిన పదకొండు షాపులు గూడ మళ్ల తిరగాలె. ఫ్రాన్సు సంగతి గూడ ఉన్నది.”

“రాసుకోడానికి చోటు ఏదైనా ఉందా?” అన్నారాయన. ఏలియా పనిబల్ల మీద ఇనప రజను చేత్తో ఊడ్చి, పాత పేపరు పరిచాడు. విశ్వేశ్వరరావు గారు సంచిలోంచి రిపోర్టు ఫారం తీసి, అక్కడే నిలబడి పూర్తిచేశారు. థీసిస్ ఆమోదం. ఒక అధ్యాయం కలపాలి, దాన్ని గైడ్ చూసుకుంటే చాలు, మళ్లీ సమర్పించనక్కర్లేదు. సంతకం చేసి ఇచ్చేటప్పటికి ఆయన బొటనవేలి నూనె మరక కాగితం అంచున పడింది.

“అయ్యో, ఆఫీసుల ఒప్పుకుంటరా సార్?” అంది సుగుణ. అంటూనే కాగితాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది.

ఏలియా అప్పటిదాకా పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. కూతురి దగ్గరికి వచ్చాడు.

“అయిందా బిడ్డా?”

“అయింది నాయిన. ఇంకొక్క చాప్టర్ రాయాలె.”

“దేని మీద?”

“నీ సూత్ మీద.”

ఏలియా ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు, చేతిలోని గుడ్డను చూసుకున్నాడు. “దాని మీద రాసేదేముంటది?” అని వెళ్లి లేత్ ఆన్ చేశాడు.

ఎస్తేరు నోట్‌బుక్ తీసి, ఆ మాట కూడా రాసుకుంది.